సూర్యలంకా, వాడరేవా? పిల్లాపాపలతో బయలుదేరే ముందు తేల్చుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచో, గుంటూరు, విజయవాడల నుంచో రెండు రోజులు సముద్రం దగ్గర గడిపి వద్దామనుకుంటే మాట చివరికి ఈ రెండింటి దగ్గరే ఆగుతుంది. బాపట్ల పక్కన సూర్యలంక, లేదంటే చీరాల పక్కన వాడరేవు. రెండు ఊళ్ల మధ్య రైల్లో పదిహేను కిలోమీటర్లు, అంతే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక రెండూ బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. తీరం ఒకటే, అల ఒకటే, ఉప్పూ ఒకటే. కాబట్టి "ఏ బీచ్ బాగుంటుంది?" అని పదిమందిని అడిగితే పది జవాబులొస్తాయి, మీ పని మాత్రం తేలదు. ఫొటోలు చూసి అసలే తేలదు. పొద్దున ఆరింటికి తీసిన ఫొటోలో ఏ సముద్రమైనా అందంగానే ఉంటుంది.

తేల్చేవి నాలుగే. ఏ నెలలో వెళ్తున్నారు, ఎవరెవరు వస్తున్నారు, గది నుంచి నీళ్ల దాకా ఎంత నడవాలి, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఏం చేస్తారు. ఈ వరసలోనే చూసుకోండి. చాలామంది గదుల రేట్లతో మొదలుపెట్టి, అడ్వాన్స్ కట్టేశాక నెల సంగతి గుర్తు తెచ్చుకుంటారు.

ముందు నెల

జనవరి, ఫిబ్రవరి హాయి. పొద్దున చల్లగా ఉంటుంది, తొమ్మిదిన్నర దాకా పిల్లల్ని ఇసుకలో వదలొచ్చు. ఈ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది గనక చలికాలంలో సూర్యుడు నేరుగా నీళ్లలోంచే లేస్తాడు. ఎండాకాలం వచ్చేసరికి బాగా ఎడమచేతి పక్కకి, ఒడ్డు అంచు వైపు జరిగిపోతాడు. సూర్యాస్తమయం సముద్రంలో చూడాలని ఎవరైనా ఆశ పెట్టుకుంటే ముందే చెప్పేయండి, ఇది తూర్పు తీరం, ఆ దృశ్యం ఇక్కడ దొరకదు.

సంక్రాంతి మూడు రోజులూ, కార్తీకమాసం ఆదివారాలూ, కార్తీక పౌర్ణమీ మాత్రం వదిలేయండి. సముద్ర స్నానానికి బస్సులూ ట్రాక్టర్లూ కట్టుకుని వస్తారు. ఆ రోజుల్లో సూర్యలంక దారిలో బండి కదలదు, బట్టలు మార్చుకునే గదుల ముందు వరస తెగదు. పుణ్యం కోసమే వెళ్తున్నవాళ్లకు అభ్యంతరం లేదు, విశ్రాంతి కోసమైతే వద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుఫాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఈ నెలల్లో వెళ్లాలంటే వెళ్లొచ్చు, కానీ డబ్బు వెనక్కివ్వని బుకింగ్ చేయకండి. అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినపడగానే ప్రయాణం వాయిదా వేసుకునే వీలుండాలి.

ఇక వేసవి సెలవులు. ఎండ సంగతి అందరికీ తెలిసిందే, చాలామంది మరిచిపోయేది చేపల వేట నిషేధం. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, ఇంజన్ పడవలు వేటకి వెళ్లవు. పిల్లల సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. "వాడరేవు వెళ్తే తాజా చేపలు తినొచ్చు" అన్న ఒక్క కారణంతో చీరాల ఎంచుకునేవాళ్లకి మే నెలలో ఆ కారణమే ఉండదు. పళ్లెంలోకి వచ్చేది చెరువు చేపో, ఐసుపెట్టె చేపో.

ఎవరెవరు వస్తున్నారు

కాగితం మీద పేర్లు రాసి, ఎదురుగా ఒక్కొక్కరికి ఉన్న ఇబ్బంది ఒక్కటి రాయండి. అమ్మమ్మకి మోకాళ్లు. రెండేళ్ల పిల్లకి ఎండ. పదిహేనేళ్లవాడికి విసుగు. మామగారికి చేపల వాసన పడదు. పెద్దకోడలికి చీరల కొట్టు కనిపిస్తే చాలు.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి పొడి ఇసుకలో వంద అడుగులు నడవడం సిమెంటు రోడ్డు మీద అర కిలోమీటరుతో సమానం. అడుగు దిగబడుతుంది, మడమ తిరుగుతుంది. వాళ్లు నీళ్ల దాకా రాలేకపోయినా, కూర్చున్నచోట నుంచి అల కనిపించాలి, మనవళ్ల కేకలు వినిపించాలి. అలాంటి పెద్దవాళ్లు ఉంటే సూర్యలంకలో ఒడ్డునే ఉన్న రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత రిసార్ట్ వైపు మొగ్గండి. నీళ్లు అక్కడి నుంచి నడక దూరం. వాడరేవు, రామాపురం వైపు ప్రైవేటు రిసార్టుల్లో ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. కొన్ని ఒడ్డునే ఉంటాయి, కొన్ని పేరులో మాత్రమే బీచ్ ఉన్నవి.

చేపల వాసన పడనివాళ్లు ఉంటే వాడరేవు పల్లె ముందున్న ఒడ్డు వద్దు. అది పని చేసే రేవు. పడవలు ఇసుకలోకి లాగి ఉంటాయి, వలలు ఆరేసి ఉంటాయి, గేలాలూ తెగిన నైలాన్ తాళ్లూ ఇసుకలో కలిసిపోయి ఉంటాయి. చూడ్డానికి అంత ముచ్చటైన చోటు ఇంకోటి లేదు గానీ చెప్పుల్లేకుండా పిల్లల్ని పరిగెత్తించే చోటు కాదు. పడవల హడావుడి చూపించి, ఆడుకోవడానికి రామాపురం వైపు తీసుకెళ్లండి. పక్క ఊరే, ఆటోలో కాసేపు.

గది: ఫోన్‌లో అడగాల్సినవి

బాపట్ల ఊరి నుంచి సూర్యలంక ఒడ్డుకి తొమ్మిది కిలోమీటర్లు. చీరాల నుంచి వాడరేవుకి ఆరేడు. ఊళ్లో లాడ్జి చవక అని అక్కడ దిగితే లెక్క ఇలా తిరుగుతుంది. రోజుకి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి సముద్రానికి వెళ్తారు. అంటే నాలుగు ట్రిప్పులు, సూర్యలంకకైతే రోజుకి 36 కిలోమీటర్లు, వాడరేవుకైతే 24 నుంచి 28. ఆరుగురుంటే రెండు ఆటోలు. తడిబట్టలతో, ఇసుక కాళ్లతో, నిద్రకి తూలే పిల్లలతో. మొదటి రోజు సాయంత్రానికే "రేపు పొద్దున ఎవరెళ్తారులే" అంటారు. సముద్రం చూడ్డానికి వచ్చి లాడ్జి గోడలు చూసి వెళ్లేవాళ్లు ఇలాగే తయారవుతారు. గదికి కాస్త ఎక్కువైనా ఒడ్డునే దిగడం మంచిది, ఆటో ఖర్చు కలిపి చూస్తే తేడా అనుకున్నంత ఉండదు.

ఒడ్డున గది తీసుకునే ముందు లొకేషన్ పంపమనండి. మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి, గేటు నుంచి తడి ఇసుక దాకా కొలవండి. కొలిచే సౌకర్యం మ్యాప్‌లోనే ఉంటుంది. రెండువందల మీటర్ల లోపైతే పెద్దవాళ్లు కూడా సాయంతో వస్తారు. మధ్యలో రోడ్డు ఉందా, సరుగుడు తోట ఉందా, కంచె ఉందా అన్నది కూడా అందులోనే కనిపిస్తుంది.

తర్వాత ఫోన్ చేసి, ఇవి ఒకటొకటిగా అడగండి:

కుళాయిలో వచ్చేది ఉప్పునీళ్లా, మంచినీళ్లా? తీరం వెంట బోరు నీళ్లు ఉప్పగా ఉండడం మామూలే. సబ్బు నురగ రాదు, తల జిగటగా ఉంటుంది, చంటిపిల్లల ఒళ్లు దురద పెడుతుంది. ఉప్పు నీళ్లే అంటే ఇరవై లీటర్ల టిన్ను ఒకటి అదనంగా తెప్పించుకుని పిల్లలకి ఆఖరి చెంబు దాంతో పోయండి.

కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను మాత్రమేనా?

వంటగది రాత్రి ఎన్నింటికి మూస్తారు? ఒడ్డున రాత్రి తొమ్మిది దాటితే బయట ఏమీ దొరకదు, తిండి కోసం మళ్లీ ఊళ్లోకి వెళ్లాలి.

బాత్‌రూములో కమోడ్ ఉందా, గదికి మెట్లెన్ని? పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ ప్రశ్న రేటు కంటే ముందు.

ఈత కొలను ఉంటే లోతెంత? "పిల్లలది వేరే ఉందండీ" అంటే నమ్మకండి, ఎన్ని అడుగులో చెప్పించండి.

పక్కన ఏవైనా కట్టడాల పని జరుగుతోందా? తీరంలో పర్యాటక అభివృద్ధి పనులు జరుగుతూనే ఉంటాయి. మీ వరండా ముందు కంకర మిషన్ ఉంటే రెండు రోజులూ వృథా.

సొంత డ్రైవర్‌ని తీసుకెళ్తుంటే అతను పడుకునే చోటు అడగడం మరిచిపోవద్దు.

హరిత గదులు పర్యాటక సంస్థ వెబ్‌సైట్‌లోనే బుక్ చేయొచ్చు. శని, ఆదివారాలు ముందే నిండిపోతాయి. వీలుంటే ఆదివారం మధ్యాహ్నం దిగి మంగళవారం పొద్దున బయలుదేరేలా చూసుకోండి. గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన జనం ఆదివారం చీకటిపడేసరికి వెళ్లిపోతారు. సోమవారం పొద్దున ఒడ్డంతా మీదే.

చేరడం

రెండు స్టేషన్లూ విజయవాడ–గూడూరు లైను మీదే ఉన్నాయి, రైలు విషయంలో ఒకదాన్ని మించింది ఒకటి కాదు. జాగ్రత్త పడాల్సింది వేళ దగ్గర. హైదరాబాద్‌లో సాయంత్రం బయలుదేరే తిరుపతి, చెన్నై రైళ్లు ఇక్కడికి అర్ధరాత్రి ప్రాంతంలో చేరతాయి. నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని, రెండు నిమిషాల హాల్టులో సామాన్లు దించాలి. ఆ వేళ ఒడ్డుకి ఆటో దొరికినా అడిగినంత ఇవ్వాలి, పైగా గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. రాత్రి బాగా పొద్దుపోయాక బయలుదేరి తెల్లవారుజామున చేర్చే రైలు చూసుకోండి. దిగగానే నేరుగా సముద్రానికి వెళ్లొచ్చు, సామాన్లు రిసప్షన్‌లో పెట్టుకోనిస్తారా అని ముందే అడిగి ఉంచండి. ప్రతి రైలూ రెండు ఊళ్లలో ఆగదు, ఆగేది చూసి టికెట్ తీయండి.

కారైతే హైదరాబాద్ నుంచి మూడువందల కిలోమీటర్ల పైచిలుకు, పిల్లల ఆగుళ్లతో కలిపి ఆరేడు గంటలు వేసుకోండి. చీరాలకి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు దారి. బాపట్లకి గుంటూరు, పొన్నూరు మీదుగా. తిరుగు ప్రయాణంలో కారు అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి. ఇసుకలోకి మాత్రం దించకండి. తడి ఇసుక గట్టిగా కనిపిస్తుంది, చక్రం ఆగిన చోటే కూరుకుపోతుంది, పోటు వచ్చే లోపు బయటికి లాగడానికి ట్రాక్టరు వెతుక్కోవాలి.

ఆటోలో ఒడ్డుకి వెళ్తే వెనక్కి రావడానికి అతన్నే మాట్లాడుకోండి, ఫోన్ నంబరు తీసుకోండి. డబ్బులు అన్నీ ముందే ఇవ్వకండి.

పది నుంచి నాలుగు దాకా

అసలు తేడా ఇక్కడే ఉంది. సముద్రం పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మిగతా పగలంతా మీ చేతుల్లో ఖాళీగా ఉంటుంది.

చీరాలలో ఆ పగలు తేలిగ్గా గడిచిపోతుంది. ఊరంతా బట్టల వ్యాపారం. జాండ్రపేట వైపు వెళ్తే మగ్గాల చప్పుడు వీధిలోకే వినిపిస్తుంది. చీరాల కుప్పడం చీర కొనాలంటే అంచు, ఒడలు (అంటే చీర మధ్య భాగం) కలిసే చోట తిరగేసి చూడండి. కుప్పడంలో అంచునీ ఒడలినీ వేరు వేరు దారాలతో, మగ్గం మీదే ఒకదాన్నొకటి పెనవేసి నేస్తారు. అంచు తర్వాత కుట్టినట్టు ఉంటే అది కుప్పడం కాదు. పవర్‌లూమ్ చీర కూడా అదే కొట్టులో, అదే మడతలో ఉంటుంది. చేనేతదే కావాలని నోరు తెరిచి అడగండి.

ఎనిమిది కిలోమీటర్ల దూరంలో వేటపాలెం. జీడిపప్పుకి పేరు. గుడ్డు (నిండు పప్పు), బద్ద (రెండుగా విడిపోయింది), ముక్క అని రకరకాలుగా అమ్ముతారు. పాయసానికీ ఉప్మాకీ బద్ద చాలు, గుడ్డు రేటు పెట్టక్కర్లేదు. అదే ఊళ్లో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికలు అక్కడ ఉన్నన్ని మరోచోట దొరకడం కష్టం, గాంధీగారి చేతికర్ర కూడా ఉంది. చదివే అలవాటున్న తాతగారిని అక్కడ గంటసేపు వదలొచ్చు. చరిత్ర మీద మనసున్నవాళ్లు ఇంకాస్త ముందుకెళ్తే మోటుపల్లి వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అదే. 1921లో పన్నులకి ఎదురుతిరిగి చీరాల–పేరాల జనం ఊరు ఖాళీ చేసి బయట గుడిసెలు వేసుకున్న సంగతి పిల్లలకి చెప్పడానికి చీరాల కంటే సరైన చోటు లేదు. వాళ్లని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు పాఠంలో వచ్చినప్పుడు ఊరు కళ్లముందు ఉంటుంది.

బాపట్ల వైపు ఇంత సందడి లేదు. భావనారాయణస్వామి గుడి ఉంది, ఊరికి ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే. చిక్కేమిటంటే గుడికి వెళ్లే వేళా, సముద్రానికి వెళ్లే వేళా ఒకటే, పొద్దున. మధ్యాహ్నం గుళ్లు మూస్తారు. అందుకని గుడిని వచ్చే దారిలోనో, పోయే దారిలోనో పెట్టుకోండి. గుంటూరు నుంచి కారులో వస్తే పొన్నూరు ఆంజనేయస్వామి దర్శనం కూడా అలాగే అయిపోతుంది. జిల్లెళ్లమూడి అమ్మ ఆశ్రమమూ దగ్గరే. ఇవి తప్ప సూర్యలంకలో పగలంటే భోజనం, నిద్ర, పేకాట. అదే కావాలనుకునే ఇళ్లు చాలా ఉంటాయి, అందులో తప్పేమీ లేదు. పదిహేనేళ్లవాడు మాత్రం ఫోన్‌లో డేటా అయిపోయిందని గొడవ చేస్తాడు.

సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉందని గుర్తుంచుకోండి. ఆ కంచె వైపు నడవడం, ఫొటోలు తీయడం, డ్రోన్ ఎగరేయడం పనికిరాదు.

చేపలు

నిషేధం లేని నెలల్లో పొద్దున్నే వాడరేవులో పడవలు వచ్చే వేళకి వెళ్తే చందువ, వంజరం, కానాగంతలు, రొయ్యలు, పీతలు ఒడ్డునే దొరుకుతాయి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. మట్టిరంగుకి తిరిగితే పాతది. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడిపోవాలి. కొనే ముందే రిసార్ట్ వంటవాళ్లని అడగండి, బయటి చేప వండి పెడతారా, కిలోకి ఎంత తీసుకుంటారు, శుభ్రం చేయడం అందులో కలుస్తుందా అని. కొన్ని చోట్ల ఒప్పుకోరు. అప్పుడు రెండు కిలోల వంజరం చేతిలో పట్టుకుని దిక్కులు చూడాలి.

నీళ్లలోకి దిగే ముందు

ఈ విషయంలో రెండు ఒడ్లూ ఒకటే, రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలల వరస చూడండి. అన్నిచోట్లా అల విరిగి తెల్లగా నురగ కడుతుంటే, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, నీళ్లు నున్నగా, కాస్త మట్టిరంగులో కనిపిస్తాయి. కొత్తవాళ్లు "ఇక్కడ అలలు లేవు, పిల్లలకి బాగుంటుంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే కాలవ అది. మోకాలి లోతులో ఉన్న మనిషిని కూడా లాగేస్తుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోవడం తప్ప ఫలితం ఉండదు. వెల్లకిలా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగండి. కొన్ని గజాలు జరిగితే లాగుడు తగ్గుతుంది, అప్పుడు అలే ఒడ్డుకి తోస్తుంది.

అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. నీళ్లు వెనక్కి తగ్గుతున్న వేళ పిల్లల్ని దించకండి.

చీరతో, చున్నీతో నడుము లోతుకి వెళ్లొద్దు. తడిసిన చీర రెండు కాళ్లనీ కలిపి చుట్టేస్తుంది. అల తగిలి కూలబడితే, వెనక్కి పోయే నీళ్లు మడమల కింద ఇసుకని తవ్వేస్తుంటే, పైకి లేవడానికి కాలు విడివడదు. ఒక పెద్దమనిషికి ఒక పిల్ల, రెండు చేతులకి ఇద్దరు కాదు. మందు తాగినవాళ్లు నీళ్లలోకి రాకూడదన్నది ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరండి, ఒడ్డున తేలదు.

మరి ఏది?

నడవలేని పెద్దవాళ్లు, అయిదేళ్ల లోపు పిల్లలు, విశ్రాంతి తప్ప ఇంకేమీ అక్కర్లేదు అన్న ఇల్లయితే సూర్యలంక, ఆదివారం మధ్యాహ్నం నుంచి. ఎదిగిన పిల్లలు, కొనుగోళ్లు, చేపలు, కాస్త ఎక్కువ డబ్బు పెట్టే వీలు ఉంటే చీరాల. దిగడం మాత్రం రామాపురం వైపు. మే నెలే కుదిరితే చేపల మాట పక్కన పెట్టి, కొలను ఉన్న రిసార్ట్ ఏ ఊళ్లో దొరికితే ఆ ఊరు.

రెండు రాత్రులుంటే ఊరికొకటి చొప్పున పంచుకోకండి. సామాను సర్దడం, గది కోసం పన్నెండింటి దాకా కాచుకోవడంతో ఒక పగలు పోతుంది. ఒకచోటే దిగి, రెండో ఊరికి మధ్యాహ్నం పూట వెళ్లి రండి.

బయలుదేరే ముందురోజు రిసార్ట్‌కి ఇంకోసారి ఫోన్ చేసి "ఒడ్డుకి వెళ్లనిస్తున్నారా?" అని అడగండి. ప్రమాదాలు జరిగినప్పుడూ, వాయుగుండం హెచ్చరిక ఉన్నప్పుడూ పోలీసులు కొన్ని రోజులు జనాన్ని ఆపేస్తారు. ఆ సంగతి బుకింగ్ వెబ్‌సైట్‌లో కనపడదు, గేటు దగ్గర కూర్చునే మనిషికి తెలుస్తుంది.